మూలుగను తాకే జ్వరం

ఖమ్మం నుండి సత్తుపల్లికి పోయే దారిలో తల్లాడ ఉంది. అక్కడి నుండి ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వైపు సాగితే అడవులు ఎదురవుతాయి. అడవిపందులు చేలలో పడడం ఆ అంచు పల్లెల రైతులకు ఎరుకే. ఇక ఊరపందుల పెంపకం తెలుగునాట తరతరాలుగా ఎరుకలవారి జీవనాధారం. ఒక ఈత పిల్లలు దక్కితే ఆ ఇంట అప్పు తీరుతుంది, బిడ్డ చదువు సాగుతుంది. వరాహమూర్తిని కొలిచే సమాజమే పందిని పెంచేవారిని ఊరి చివర నిలిపింది!

అటువంటి ఇంట మందనంతా కొద్ది వారాలలో తుడిచిపెట్టగల వ్యాధి ‘క్లాసికల్ స్వైన్ ఫీవర్’. ‘హాగ్ కలరా’ అనేది దీని పాత పేరు. మనుషుల కలరాతో దీనికి సంబంధం లేదు. ఇది మనుషులకు సోకదు. మన దేశంలో దీనిని 1944లో అలీగఢ్‌లో గుర్తించారు.

ఈ వ్యాధి శాస్త్రజ్ఞులను సైతం తప్పుదారి పట్టించింది. 1880వ దశకంలో అమెరికాలో డేనియల్ శాల్మన్, థియోబాల్డ్ స్మిత్ అనేవారు రోగగ్రస్తమైన పందులలో ఒక బాక్టీరియాను కనుగొని, వ్యాధికి అదే కారణమని భావించారు. శాల్మన్ పేరిటనే దానికి ‘సాల్మొనెల్లా’ అనే పేరు వచ్చింది. 1903లో డి ష్వైనిట్జ్, డోర్సెట్ అనేవారు బాక్టీరియాను ఆపివేసే వడపోత గుండా వచ్చిన ద్రవం కూడా వ్యాధిని కలిగిస్తుందని నిరూపించారు. అసలు కారణం వైరస్. దొంగ పట్టుబడ్డాడు గాని, అతనికి తలుపు తీసినవాడు అంతవరకు దొరకలేదన్నమాట.

ఆ తలుపు తెరుచుకునే తీరు విచిత్రమైనది. నోటి ద్వారా, ముక్కు ద్వారా ప్రవేశించిన వైరస్ మొదట టాన్సిళ్ళలో వృద్ధిచెంది, రక్తం ద్వారా ప్లీహాన్ని, ఎముకలలోని మూలుగను చేరుతుంది. రోగక్రిములను మింగవలసిన భక్షక కణాలే దానికి నివాసమవుతాయి. వైరస్ వాటిని వెంటనే చంపదు. కాని ఆ కణాలు వెలువరించే రసాయనాల వలన, వైరస్ సోకని లింఫోసైట్లు కూడా పెద్దసంఖ్యలో నశిస్తాయి. రక్తకణాల పుట్టినిల్లయిన మూలుగలోనూ కణాలు చనిపోతాయి. లోటు పూడ్చడానికి అది పక్వం కాని కణాలను రక్తంలోకి పంపుతుంది. ఘన మిల్లీమీటరు రక్తంలో తెల్లకణాలు 8000 కంటె తగ్గితే పశువైద్యులు ఈ వ్యాధిని అనుమానిస్తారు. రక్తాన్ని గడ్డకట్టించే ఫలకికలు కూడా క్షీణించడంతో చర్మంపై, మూత్రపిండాలపై ఎర్రని చుక్కలు ఏర్పడతాయి. కాపలా లేని ఆ దేహంలోకి ఇతర బాక్టీరియాలు సులభంగా చొరబడతాయి. శాల్మన్, స్మిత్‌లు చూసినది వాటినే.

వ్యాధి వచ్చిన తరువాత చికిత్స లేదు; టీకా ముందుగానే వేయించాలి. మన దేశంలో చాలాకాలం కుందేళ్ళలో పెంచిన వైరస్‌తోనే టీకా తయారయ్యేది. ఒక కుందేలు బలియైతే దాదాపు 50 మోతాదులే లభించేవి! ఇజ్జత్‌నగర్‌లోని భారతీయ పశువైద్య పరిశోధన సంస్థ కణవర్ధన పద్ధతిలో రూపొందించిన టీకా 2020లో విడుదలయింది.

అదే ఏడాది అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడింది. పైకి కనబడే లక్షణాలు దాదాపు ఒకటే అయినా దాని వైరస్ వేరు. ఈ టీకా దానిపై పనిచేయదు. అందువలన పంది మరణిస్తే దాని టాన్సిల్, ప్లీహం ముక్కలను ప్రయోగశాలకు పంపి, వచ్చినది ఏ జ్వరమో నిర్ధారించుకుంటారు.