నిత్యోపయోగమునకు వేగపు చిన్న కారు



నేటి నా ప్రసంగ విషయము వేగముగల చిన్న కారు. గ్రామపెద్దలకు దీనితో నేమి పని యని కొందఱు తలంపవచ్చును. కాని యింటి బిడ్డ యుద్యోగములో కుదిరి, నాలుగు డబ్బులు కూడబెట్టిన పిమ్మట కొనగోరు మొదటి పెద్ద వస్తువు నేడు తఱచుగా కారే యగుచున్నది. “తాతయ్యా, ఇది చూచుటకు చిన్న కారే. మన యింటి పనులన్నిటికిని సరిపోవును. కావలసినప్పుడు పందెపు కారువలె పరుగెత్తును” అని మనుమడు చెప్పినపుడు, అవుననుటకైనను కాదనుటకైనను పెద్దలకు విషయము తెలిసియుండవలెను. తెలియక అవునన్నచో నది గారాబము. తెలియక కాదన్నచో నది చాదస్తము.

ముందుగా హ్యాచ్‌బ్యాక్ అననేమో చెప్పెదను. కొన్ని కార్లకు వెనుకవైపున డిక్కీ వేఱుగా పొడుచుకొని వచ్చియుండును. హ్యాచ్‌బ్యాక్‌కు అట్టి తోక యుండదు. వెనుక అద్దముతో కూడిన తలుపు నిలువునా పైకి లేచును. వెనుక సీటు మడచినచో లోపలి చోటంతయు నొక్కటే గది యగును. రెండు బియ్యపు బస్తాలైనను, మడత మంచమైనను అందులో పట్టును. బండి పొడవు తక్కువ గనుక ఇఱుకు వీధులలో త్రిప్పుట తేలిక. ఇట్టి సంసారపక్షపు బండికి బలమైన ఇంజనును, గట్టి బ్రేకులను, బిగువైన స్ప్రింగులను అమర్చినచో నది వేగపు హ్యాచ్‌బ్యాక్ అగును. వారమంతయు బండి లాగి, పండుగనాడు బండలాగుడు పందెమున నిలువగల గిత్తను మీరెఱుగుదురు. ఇదియు నట్టిదే.

ఈ తలంపు కథను ఇంగ్లండుతో మొదలుపెట్టెదను. 1956లో సూయజ్ కాలువ తగవు కారణముగా ఆ దేశమున పెట్రోలునకు కఱవు వచ్చెను. తక్కువ పెట్రోలుతో నలుగురిని మోయు బండి కావలసివచ్చెను. అలెక్ ఇసిగోనిస్ అను ఇంజనీరు ఇంజనును అడ్డముగా నిలిపి, ముందు చక్రములచేతనే బండిని లాగించి, పది అడుగుల పొడవులో నలుగురికి చోటు కల్పించెను. 1959లో వెలువడిన ఆ బండియే మినీ. పందెపు కార్లు నిర్మించు జాన్ కూపర్ దాని నడక చూచి ముచ్చటపడి బలమైన ఇంజను పెట్టింపగా, 1961లో మినీ కూపర్ వెలువడెను. ఐరోపాలో మాంటి కార్లో ర్యాలీ యను కష్టమైన పోటీ యొకటి కలదు. కొండదారులలో, మంచుమీద, రాత్రింబవళ్లు సాగు ఆ పోటీని ఈ చిట్టి బండి 1964, 1965, 1967 సంవత్సరములలో గెలిచెను. తనకంటె ఎన్నో రెట్లు బలముగల కార్లు వెనుకబడినవి. మినీకి పైకి లేచు వెనుక తలుపు లేదు. అయినను, ఇంటి బండియే పందెపు బండి కాగలదని లోకమునకు చాటినది అదియే.

ఆ తలంపునకు పూర్తి రూపము నిచ్చినవారు జర్మనులు. ఫోక్స్‌వాగన్ సంస్థ 1974లో గోల్ఫ్ అను హ్యాచ్‌బ్యాక్‌ను వెలువరించెను. దాని యాకృతిని రూపొందించినవాడు ఇటలీ దేశీయుడైన జుజారో. ఆ సంస్థలోని కొందఱు ఇంజనీర్లు పైవారి యాజ్ఞ లేకయే, తమంత తాముగా గుమిగూడి, ఈ సాదా కారునకు వేగము కల్పించు యత్నము చేసిరి. తుదకు సంస్థ యంగీకరింపగా 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో దానిని చూపిరి. 1976లో అమ్మకమునకు పెట్టిరి. గోల్ఫ్ జి.టి.ఐ. అని దాని పేరు. 5,000 బండ్లు అమ్ముడుపోయిన చాలునని మొదట తలంచిరి. ఆ మొదటి తరమే 4 లక్షల 60 వేలకు పైగా అమ్ముడుపోయెను.

అందులోని విశేష మేమి? బరువు సుమారు 800 కిలోలు. ఇంజను బలము 110 అశ్వశక్తి. బలమెంత యనునది కాదు, ఒక్కొక్క అశ్వశక్తి యెంత బరువును లాగవలసియున్నది యనునదే ముఖ్యము. ఇక్కడ నది ఏడున్నర కిలోలకు లోపే. ఆ ఇంజనునకు కార్బురేటరు లేదు. పెట్రోలును కొలిచి చిమ్ము ఇంజెక్షను యంత్రము కలదు. కాలు మోపినంతనే బండి బదులు పలికెడిది. నిలిచిన చోటునుండి గంటకు 100 కిలోమీటర్ల వేగమునకు సుమారు 9 సెకండ్లలో చేరి, 182 కిలోమీటర్ల వఱకు పోగలిగెడిది. జర్మనీ రాజమార్గములలో ధనికుల పెద్ద కార్లు ప్రక్కకు తప్పుకొని ఈ చిన్న కారునకు దారి యిచ్చుట ఆనాటి వింత. గుమాస్తా యొకడు దానిలో వారమంతయు కచ్చేరికి పోయి, ఆదివారమున కొండదారిని వినోదింపగలిగెను. రెండు బండ్ల పని ఒక్క బండి చేయుట యన్నదే దీని ఘనత.

అయితే మంచికి తోడుగా చెడ్డయు నుండును. దానిని మూడు భాగములుగా చెప్పెదను.

మొదటిది ముందు చక్రముల భారము. ఈ కార్లలో చాలవఱకు ముందు చక్రములే బండిని లాగవలెను. అవియే మలుపు త్రిప్పవలెను. టైరు రోడ్డును పట్టుకొను పట్టు మనచేతి రూపాయి వంటిది. లాగుటకు ఎక్కువ వెచ్చించినచో మలుపునకు తక్కువ మిగులును. మలుపులో తొందరపడి పెట్రోలు త్రొక్కినచో బండి మనము త్రిప్పిన వైపునకు రాక, నేరుగా రోడ్డు అంచునకు పోజూచును. నేటి మంచి బండ్లలో జాఱుచున్న చక్రము నుండి బలమును తీసి పట్టు గల చక్రమునకిచ్చు ఏర్పాటు కలదు. అది రూపాయిని పొదుపుగా వాడించునే గాని రెండు రూపాయలు చేయదు.

రెండవది దీనికి వ్యతిరేకము. మలుపులో వేగముగా పోవుచు, భయపడి ఒక్కసారిగా పెట్రోలునుండి కాలు తీసినచో బండి బరువు ముందునకు ఒరుగును. వెనుక భాగము తేలికపడి ప్రక్కకు జాఱును. 1984లో వెలువడిన ఫ్రెంచి బండి పెజో 205 జి.టి.ఐ. ఈ గుణమునకు పేరు పొందినది. నేర్చినవానికి అది చమత్కారము, నేర్వనివానికి అపాయము. కాలు తీయుట మనుష్యునకు సహజము గనుకనే ఈ ప్రమాదము కఠినమైనది. 1995లో మొదట ఒక జర్మన్ కారునకు అమర్చబడి, క్రమముగా వ్యాపించిన ఎలక్ట్రానిక్ స్థిరత్వ యంత్రము, ఒక్కొక్క చక్రమునకు వేఱువేఱుగా బ్రేకు వేసి ఈ జాఱుడును చాలవఱకు అణచుచున్నది. ఏ వేగపు కారు కొన్నను ఈ యంత్రమున్నదా లేదా యని మొదట అడుగవలెను.

మూడవది డబ్బు. ఇంగ్లండులో 1980ల చివరను, 1990ల మొదటను ఈ కార్లు దొంగలకును, పడుచువారి ఆగడములకును గుఱియైనవి. ప్రమాదములు పెరిగెను. బీమా సంస్థలు రుసుమును విపరీతముగా పెంచగా, కొనగలిగియు భరింపలేక అనేకులు వాటిని విడిచిరి. కారు ధర వేఱు, కారును పోషించు ధర వేఱు అను పాఠము అక్కడ తేలినది.

ఇక మన దేశపు మాట. 2025 మే నెలలో గోల్ఫ్ జి.టి.ఐ. భారతదేశమున అమ్మకమునకు వచ్చినది. పూర్తిగా తయారైన బండినే దిగుమతి చేయుటవలన అప్పటి ధర సుమారు 53 లక్షల రూపాయలు. రిజిస్ట్రేషను, బీమా వేఱు. మొదటి విడత 150 బండ్లు మాత్రమే. ఇంజను బలము 265 అశ్వశక్తి. 100 కిలోమీటర్ల వేగమునకు 5.9 సెకండ్లలో చేరును. ఇంజను విడుచు పొగ బలముతోనే ఒక చిన్న చక్రమును త్రిప్పి, లోపలికి ఎక్కువ గాలిని నెట్టు టర్బో యంత్రము దీనికి కలదు. ఎక్కువ గాలి వచ్చినచో ఎక్కువ పెట్రోలు మండును. ఎక్కువ బలము పుట్టును. కొలిమిలోని నిప్పునకు తిత్తి ఎట్లో, ఇంజనునకు ఇది యట్లు.

ఇంత ధర పెట్టలేనివారికొఱకు మన దేశముననే తయారైన బండ్లును వచ్చినవి. 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 2024లో టాటా ఆల్ట్రోజ్ రేసర్ 120 అశ్వశక్తితో వెలువడినవి. ఇవి నాలుగు మీటర్ల పొడవునకు లోబడి, 1,200 సి.సి.కి మించని పెట్రోలు ఇంజను గలవి. 2025 సెప్టెంబరు 22 నుండి ఇట్టి చిన్న కార్లకు జి.ఎస్.టి. నూటికి 18 కాగా, వానికి మించిన పెట్రోలు కార్లకు నూటికి 40 అయినది. నిజమునకు మన రోడ్లపై 120 అశ్వశక్తి తక్కువేమియు కాదు.

ఎందుచేత ననగా, మన చట్టమొక హద్దు పెట్టినది. 2018లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన ప్రకారము కార్లకు ఎక్స్‌ప్రెస్ మార్గములపై గంటకు 120, నడుమ గట్టు గల నాలుగు వరుసల రహదారులపై 100, ఇతర రోడ్లపై 70 కిలోమీటర్లు మించరాదు. రాష్ట్రములు దీనిని తగ్గింపవచ్చును గాని పెంచరాదు. 250 కిలోమీటర్లు పోగల బండి గలవాడును ఈ హద్దులోనే పోవలెను.

అట్లయిన బలము వృథాయా? కాదు. ఒక లెక్క చూడుడు. ధాన్యపు లారీ గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. దానిని దాటుటకు దానికంటె 50 మీటర్లు ఎక్కువగా పోవలెననుకొందము. మనము 60 వేగముతో దాటినచో 9 సెకండ్లు పట్టును. 70తో దాటినచో 6 సెకండ్లు చాలును. ఎదురుగా 60 వేగముతో వచ్చు బస్సు 9 సెకండ్లలో 150 మీటర్లు, 6 సెకండ్లలో 100 మీటర్లు వచ్చును. అనగా చట్టము మీఱకయే, ఎదురుదారిలో నుండు అపాయకాలమును బలమైన ఇంజను తగ్గించుచున్నది. వేగపు కారునకు నిత్యజీవితములో గల నిజమైన ప్రయోజన మిదియే. మంచి బ్రేకులు, గట్టి పట్టు గల టైర్లు సాదా కారుకంటె మిన్నగా నుండుట రెండవ ప్రయోజనము.

ఇప్పుడు రెండవ లెక్క. వేగము రెండింతలైనచో బండిలోని శక్తి నాలుగింతలగును. పొడి రోడ్డుమీద 60 వేగముతో పోవుచు, గేదె యడ్డము వచ్చుట చూచి, ఒక సెకండునకు బ్రేకు త్రొక్కినచో, బండి నిలుచుటకు మొత్తము సుమారు 36 మీటర్లు కావలయును. 120 వేగముతో నైనచో సుమారు 112 మీటర్లు. బ్రేకు లెంత గొప్పవైనను ఈ సూత్రమును మార్చజాలవు. మన రోడ్లపై ఆరబోసిన ధాన్యముండును. ట్రాక్టరు చక్రములు విడిచిన రేగడి బురద యుండును. దీపము లేని యెడ్లబండి యుండును. జర్మనీ రాజమార్గమునకు తీర్చిన బండికి ఈ సంగతు లేవియు తెలియవు, తెలిసికొనవలసినవాడు నడపువాడే.

ఇక నడక సంగతి. ఈ బండ్ల టైర్లు పలుచన; స్ప్రింగులు బిగువు; కడుపు నేలకు దగ్గఱ. గతుకులలో టైరు గాయపడును, లోహచక్రము వంగును, ముసలివారి నడుము నొచ్చును. కొనుటకు ముందు ఇంటిలోని పెద్దవారిని వెనుక సీటున కూర్చుండబెట్టి, ఊరి గతుకుల దారిలో ఒకసారి త్రిప్పి చూచుట మంచిది. ఆ పరీక్షలో నెగ్గినదే నిత్యోపయోగపు బండి. టైర్ల ధర, బీమా రుసుము, దగ్గఱలో మరమ్మతు శాలయున్నదా యను మూడు ప్రశ్నలకు జవాబు కాగితముమీద వ్రాయించి, ఏడాది ఖర్చు నెలజీతముతో పోల్చి చూడవలెను.

చివరగా అన్నిటికంటె ముఖ్యమైన మాట. పదునెనిమిది నిండని పిల్లవానిచేతికి బండి తాళమిచ్చుట ముద్దు కాదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, మైనరు చేసిన నేరమునకు బండి యజమానికిని, సంరక్షకునికిని మూడేండ్ల వఱకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా విధింపవచ్చును. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దగును. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు రాదు. పోయిన ప్రాణమునకు ఈ శిక్షలన్నియు కలిపినను వెల కట్టలేవు.

కావున మనుమడు వచ్చి యడిగినపుడు నా సలహా యిది. అతనికి లైసెన్సు వచ్చి, సాదా కారు రెండు మూడేండ్లు ప్రమాదము లేక నడిపియుండి, అప్పు మితిమీఱకుండ కొనగలిగినచో, ఓపికగల చేతికి ఇది మంచి బండియే. కాని తోటివారితో పందెమునకొఱకు కోరినచో వద్దని నిస్సంకోచముగా చెప్పుడు. మంచి గిత్తను కొన్నవాడు పగ్గము పట్టుటయు నేర్వవలెను గదా. కారునకు పగ్గము నడపువాని కాలిలో నున్నది. ఆ కాలికి పగ్గము పెద్దల మాటలో నున్నది.