గ్రామ సొసైటీ వెనుక ఓ క్రైస్తవుని ఆలోచన

ఎరువులకు, పంట అప్పుకు రైతు వెళ్లే సహకార పరపతి సంఘానికి, బైబిలుకు సంబంధం ఉందంటే చాలామంది నమ్మరు. కాని గ్రామ పరపతి సంఘాలకు బాట వేసిన ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్ భక్తిగల ప్రొటెస్టెంటు క్రైస్తవుడు. జర్మనీలో కొన్ని పల్లెలకు మేయరుగా పనిచేసిన వ్యక్తి. పేదవాడి అప్పు సంగతి చూడటం కూడా దేవుని సేవేనని ఆయన నమ్మారు.

రైఫైజెన్ 1818లో జన్మించారు. 1845లో వైయర్‌బుష్ అనే చోట మేయరయ్యారు. మరుసటి ఏడే పంటలు పోయాయి. 1846-47 చలికాలంలో జనం తిండికి అల్లాడారు. ఆయన కలిగినవారి వద్ద సొమ్ము పోగుచేసి ధాన్యం తెప్పించారు. రొట్టెల బట్టీ కట్టించి పేదలకు చౌకగా రొట్టెలు అందేలా చూశారు.

తర్వాత ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు బదిలీ అయ్యారు. అక్కడి చిన్న రైతులు పశువుల కోసం వడ్డీ వ్యాపారుల చేతిలో చిక్కి ఉన్నారు. 1849లో ఊరి కలిగినవారిని హామీగా పెట్టి ఒక సంఘం ఏర్పరచారు. సంఘం పశువును కొనిపెడుతుంది, రైతు వాయిదాల మీద బాకీ తీరుస్తాడు.

అయితే దాతల ఉత్సాహం కొన్నాళ్లకు తగ్గింది. ఇచ్చేవారు ఒకరు, పుచ్చుకునేవారు మరొకరు అయినంతకాలం సంఘం నిలవదని రైఫైజెన్ గ్రహించారు. 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో పద్ధతి మార్చారు. అప్పు కావలసినవాడే సంఘంలో సభ్యుడు కావాలి. సభ్యులంతా ఒకరికొకరు పూచీ. ఒకరు ఎగవేస్తే మిగిలినవారి ఆస్తిపాస్తులు జవాబు చెప్పాలి. అప్పు సభ్యులకే, అదీ రాబడి తెచ్చే పనికే. లాభం పంచుకోకుండా నిధిలో వేయాలి. సంఘ పెద్దలు జీతం లేకుండా పనిచేయాలి.

ఈ నిబంధనలలో బైబిలు బోధలు కనిపిస్తాయి. బీదవానికి అప్పిచ్చి వడ్డీ గుంజవద్దని నిర్గమకాండం ఆదేశిస్తుంది. అప్పు చేసినవాని స్వేచ్ఛ అప్పిచ్చినవాని చేతికి పోతుందని సామెతల గ్రంథం హెచ్చరిస్తుంది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోడా అని లూకా సువార్తలో యేసు అడుగుతారు. పునాది వేసి ఆపేస్తే చూసినవారు నవ్వుతారు. బైబిలు డబ్బును పాపమని అనలేదు. డబ్బు మీది వ్యామోహాన్నే కీడుకు మూలమన్నది.

ఆ గోపురం లెక్క మన ఊళ్లోనూ వేసి చూడవచ్చు. పెళ్లికో, ఇంటికో నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి 10,000 తెచ్చారనుకుందాం. ఏడాదికి వడ్డీ 3,600. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది. అందుకని ఆ లోపుగా వడ్డీని అసలులో కలిపి 20,800కు నోటు తిరగరాస్తారు. ఇంకో మూడేళ్లకు బాకీ 43,264 అవుతుంది. చేతికొచ్చింది మాత్రం ఆ 10,000 రూపాయలే. అప్పు తెచ్చిన రోజున ఈ లెక్క వేసేవారు తక్కువ.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. పరాయివానికి పూచీ ఉండవద్దని సామెతల గ్రంథం చెబుతుంది. మరి రైఫైజెన్ అందరినీ అందరికీ పూచీ పెట్టారు కదా? ఆయన సంఘాన్ని చిన్న ప్రాంతానికే పరిమితం చేయడానికి కారణం ఇదే. అప్పు తీసుకున్నవాడు పొలం దున్నుతున్నాడో, సారాకొట్లో కూర్చున్నాడో పొరుగువానికి తెలుస్తుంది. మొహమాటానికి వేసే సంతకం వేరు. కళ్లెదుట ఉన్న మనిషికి, తెలిసిన పనికి ఉండే పూచీ వేరు.

రైఫైజెన్ 1888లో కన్నుమూశారు. 1892లో మద్రాసు ప్రభుత్వం రైతుల అప్పుల సమస్యపై అధ్యయనానికి ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని నియమించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు మద్రాసు రాష్ట్రంలోనివే. 1895-97లో వెలువడిన నివేదికలో ఆయన రైఫైజెన్ దారినే సూచించారు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. నేటి ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు అదే నాంది. మహిళల పొదుపు సంఘాలలో సభ్యులు ఒకరికొకరు పూచీగా నిలవడంలోనూ ఆ పాత సూత్రమే కనిపిస్తుంది.

సూత్రం మంచిదైనా పాటించేవారు లేకపోతే ఫలితం ఉండదు. సంఘం సొమ్ము సర్కారు సొమ్మనుకుంటే, ఒకరి పేర అప్పు రాసి మరొకరు వాడుకుంటే, నష్టపోయేది వాయిదా సక్రమంగా కట్టే పేద సభ్యుడే. ఎగవేసినవాడు మోసగించేది పొరుగువాణ్నే.

అప్పు కాగితం మీద సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే మంచిది. ఈ సొమ్ము రాబడి తెస్తుందా? ఏ పంట మీద, ఏ నెలలో తీరుస్తాం? తీర్చలేకపోతే ఎవరి కొంప మునుగుతుంది? ఇందుకు క్రైస్తవుడే కానక్కరలేదు. ఏ మతస్థుడైనా, ఏ కులస్థుడైనా సంతకానికి ముందు భార్యాభర్తలు కలిసి కూర్చుని ఈ లెక్క వేసుకోవాలి.