తాటాకు మీది అక్షరానికి ఒక సంఖ్య

పుదుచ్చేరిలో శైవ గ్రంథాల రాతప్రతులు సుమారు 11,000 ఉన్నాయి. వీటిలో అధిక భాగం 1955లో ఏర్పాటైన ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. 2005లో యునెస్కో వీటిని ‘ప్రపంచ స్మృతి’ జాబితాలో చేర్చింది. తాటాకుల మీద ఉన్న భాష ఎక్కువగా సంస్కృతం, లిపి గ్రంథ లిపి. తెలుగునాట సంస్కృతాన్ని తెలుగు లిపిలో రాసుకున్నట్టే తమిళనాట ఈ లిపిలో రాసుకున్నారు.

ఆకు శిథిలమయ్యేలోగా ఫొటో తీయవచ్చు. కానీ ఫొటోలో కంప్యూటర్‌కు ఉండేవి రంగు చుక్కలే. అందులో ఒక పదాన్ని వెతకాలంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లూ గుర్తించే సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యలను కేటాయించేది యూనికోడ్. గ్రంథ లిపికి అందులో 2014లో, 7.0 వెర్షన్‌తో చోటు దక్కింది. అంతకుముందు పాఠాన్ని వేరే లిపిలోకి మార్చుకోవాలి, లేదా ప్రత్యేక ఫాంట్‌తో టైపు చేయాలి. ఆ ఫాంట్ లేనిచోట పాఠం అర్థంలేని గుర్తులుగా కనిపించేది.

సంఖ్యలిచ్చే పద్ధతి అన్ని లిపులకూ ఒకటి కాదు. ఇథియోపియా లిపిలో ‘హ’కు 1200, ‘హు’కు 1201, ‘హి’కి 1202. అంటే గుణింతంలోని ప్రతి రూపానికీ విడి సంఖ్య. భారతీయ లిపుల్లో హల్లుకు ఒకటి, అచ్చు గుర్తుకు మరొకటి. గ్రంథ ‘క’ సంఖ్య 11315, గుడిదీర్ఘం సంఖ్య 11340. రెండూ వరుసగా వస్తే ‘కీ’. వాటిని కలిపి చూపే పని ఫాంట్‌ది.

సంఖ్య వచ్చినంత మాత్రాన తాళపత్రం పాఠంగా మారదు. ఆ లిపి తెలిసినవారు అక్షరమక్షరం సరిచూడాలి. ఒకసారి ఆ పని పూర్తయితే, ఒక శ్లోకం ఏయే ప్రతుల్లో ఉందో, ఎక్కడ పాఠభేదం వచ్చిందో వెతికి పోల్చడం తేలిక. ఆకు పొడైపోయినా పాఠం మిగులుతుంది.