కరువు సీమలో స్కాట్లండ్ జోడు తుపాకి

స్కాట్లండ్ జోడు తుపాకిని ఎంచేటప్పుడు ముందు చూడవలసింది పేరు కాదు, పనితనం. ఎడిన్‌బరోకు చెందిన జాన్ డిక్సన్, జేమ్స్ మెక్‌నాటన్, గ్లాస్గోకు చెందిన అలెక్స్ మార్టిన్ ఈ రంగంలో పెద్దపేర్లు. అయితే చిన్న ఊళ్ల వ్యాపారులు చాలామంది బర్మింగ్‌హామ్‌లో తయారైన తుపాకులు తెప్పించి తమ పేరు చెక్కించి అమ్మేవారు. తుపాకి గొట్టాల బలాన్ని పరీక్షించి ముద్ర వేసే ప్రూఫ్ హౌస్ స్కాట్లండ్‌లో లేదు. అందుకే అసలైన స్కాటిష్ తుపాకి గొట్టాల మీద కూడా లండన్ ముద్రో బర్మింగ్‌హామ్ ముద్రో ఉంటుంది.

అసలు ప్రత్యేకత 'రౌండ్ యాక్షన్'లో ఉంది. 1879లో మెక్‌నాటన్, 1880లలో డిక్సన్ పేటెంట్లు పొందిన ఈ పద్ధతిలో సుత్తులు, స్ప్రింగులు అన్నీ ట్రిగ్గర్ కింది పలకకే బిగించి ఉంటాయి. పక్కలను తొలిచే పని లేదు కనుక ఉక్కు భాగం గుండ్రంగా, గట్టిగా, తేలికగా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే బరువంతా రెండు చేతుల మధ్యే నిలుస్తుంది. అంత పొందికైన తుపాకి ఇంగ్లండ్‌లోనూ అరుదు.

తూటాతో పేలే జోడు తుపాకులు రాకముందే అనంతపురానికి స్కాట్లండ్‌తో సంబంధం ఏర్పడింది. గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో 1800 నుంచి దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా అనంతపురం కేంద్రంగా పనిచేశాడు. ఆయన ఆ పని విడిచి స్వదేశానికి వెళ్లిన 1807లోనే బెల్‌హెల్వీ చర్చి పాస్టరు అలెగ్జాండర్ ఫోర్సైత్, దెబ్బకు మండే రసాయనంతో తుపాకి మందు అంటించే పద్ధతికి పేటెంటు పొందాడు. చకుముకి మెరుపు చూసి బాతులు ఎగిరిపోతుండటమే ఆయన ప్రయోగాలకు కారణమని చెబుతారు.

ఈ సీమలో ఇప్పుడు వేట లేదు. వేరుశనగ చేలను మేసే జింకకు సైతం 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. 1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత సాధారణ లైసెన్సుదారు దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. తాతల నాటివీ ఆ లెక్కలోకే వస్తాయి. మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధానికి మాత్రమే 1959 చట్టం మినహాయింపునిస్తోంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి చేతికొచ్చి 25 ఏళ్లయినా వారసుడు తన పేరిట లైసెన్సు కోరవచ్చు. కాబట్టి ఇక్కడ సేకరణ అంటే పోగుచేయడం కాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడం.

అనంతపురం పొడిగాలి తుప్పును కొంత ఆపుతుంది గానీ వాల్‌నట్ కొయ్యను బీటలు వారుస్తుంది. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి చేసిన డమాస్కస్ గొట్టాలు నల్ల తుపాకిమందు కాలానివి. వాటిలో నేటి తూటా పేల్చడం ప్రాణాంతకం కావచ్చు. పాత 12 బోర్ తుపాకులు చాలావాటికి రెండున్నర అంగుళాల తూటాయే సరిపోతుంది. నేటి తూటాలు ఎక్కువగా రెండుముప్పావు అంగుళాలవి.

పరిమితికి మించిన తుపాకిని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించక తప్పదు. అప్పగించే ముందు దాని సీరియల్ నంబరు, ముద్రలు రాసి పెట్టుకోవాలి, ఫొటోలు తీయించాలి. డిక్సన్‌తోపాటు పలు స్కాటిష్ తయారీదార్ల పాత ఖాతా పుస్తకాలు నేటికీ భద్రంగా ఉన్నాయి. ఆ నంబరు ఉంటే తుపాకి ఏ ఏట తయారైందో, మొదట ఎవరు కొన్నారో తెలుసుకోవచ్చు.