సైడ్ ఇన్‌కమ్ అంటున్నారు.. లెక్క వేసి చూశారా?

బీటెక్ ఫైనలియర్‌లో ఉన్నా, డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నా ఈపాటికి మీకు ఆ ఫోన్ వచ్చే ఉంటుంది. ఏడాదిగా మాట్లాడని క్లాస్‌మేటో, సీనియరో చేస్తాడు. ‘‘మచ్చా, ఎట్లుండావ్? ఒక మంచి ఆపర్చునిటీ ఉంది. ఫోన్లో చెప్పేది కాదు. ఆదివారం ఒక గంట రా’’ అంటాడు. మదనపల్లెలో అయితే ఏ కల్యాణమండపం మేడమీదో, పుంగనూరులో అయితే ఎవరో అన్న ఇంటి హాల్లోనో మీటింగ్ ఉంటుంది. కుప్పం కుర్రాళ్లనైతే పొద్దున్నే రైలెక్కించి బెంగళూరుకే తీసుకుపోతారు. కంపెనీ పేరేంటని అడిగితే ‘‘రా, నీకే తెలుస్తుంది’’ అని నవ్వుతాడు. నిజంగా ఉద్యోగమో వ్యాపారమో ఇచ్చేవాడు పేరు దాచడు. మొదటి అనుమానం అక్కడే రావాలి.

మన పిల్లలు అక్కడికి వెళ్లేది ఒట్టి డబ్బాశతో కాదు. ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నా జాయినింగ్ డేట్ రానివాళ్లు, ఇంటర్వ్యూలో నాలుగు ఇంగ్లిష్ ముక్కలు మాట్లాడలేక వెనక్కి వచ్చినవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. ఇంట్లో నాయన మొహం చూడలేక బయటే తిరుగుతుంటారు. అలాంటివాణ్ని స్టేజీ ఎక్కించి, మైకు చేతికిచ్చి, ‘లీడర్’ అని పిలిచి వందమందితో చప్పట్లు కొట్టిస్తే ఎట్లుంటుంది? నాలుగేళ్ల కాలేజీలో ఎవరూ కొట్టని చప్పట్లవి. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను. కాకపోతే దాని రేటెంతో తెలుసుకుని కొనాలంటాను.

చెట్టు, ఆకులు

సెకండియర్‌లో డేటా స్ట్రక్చర్స్ చదివారుగా. ట్రీ గుర్తుందా? పైన రూటు, కింద కొమ్మలు, చివర్లో ఏ పిల్లా లేని లీఫ్ నోడ్‌లు. మీటింగులో వైట్‌బోర్డు మీద గీసేది అచ్చంగా అదే. కాకపోతే మిమ్మల్ని ఎప్పుడూ రూటు దగ్గర పెట్టి గీస్తారు. ‘‘నువ్వు ఐదుగురిని తెస్తావు, ఆ ఐదుగురు తలా ఐదుగురిని తెస్తారు...’’

ఆ లెక్క మనమే పూర్తి చేద్దాం. 5, 25, 125, 625, 3,125, 15,625, 78,125. ఏడు మెట్లకు, పైనున్నవాడితో కలిపి మొత్తం 97,656 మంది. అందులో 78,125 మంది ఆఖరి మెట్టు మీదే ఉన్నారు, వాళ్ల కింద ఎవ్వరూ లేరు. అంటే నూటికి 80 మంది ఆకులే. వాళ్లూ సంపాదించాలంటే ఎనిమిదో మెట్టుకు ఇంకో 3,90,625 మంది కొత్తగా కావాలి. 2011 జనాభా లెక్కల్లో మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలు మూడూ కలిపినా అంతమంది లేరు, ఉయ్యాల్లో పిల్లల్ని లెక్కేసినా సరే! ఇందులో ఎవరూ బద్ధకస్తులు కానక్కర్లేదు, ఎవరూ మోసగాళ్లూ కానక్కర్లేదు. అందరూ చెప్పినట్టే కష్టపడినా ఫలితం ఇంతే. ‘నువ్వు సరిగా పనిచేయలేదు’ అని మీ అప్‌లైన్ తిట్టినప్పుడు ఈ అంకె గుర్తుంచుకోండి.

‘‘మరి కమిషన్ వ్యాపారాలన్నీ ఇంతేగా, మండీలో కమిషన్ లేదా?’’ అని వాదించేవాళ్లుంటారు. ఉంది. మదనపల్లె టమాటా మార్కెట్లో కమిషన్ ఉంది, హమాలీ ఉంది, లారీ బాడుగ ఉంది. అన్నీ పోగా ఆ టమాటా చెన్నైలోనో, బెంగళూరులోనో ఒక ఇంట్లో రసం అవుతుంది. దాన్ని కొన్న ఇల్లాలికి కమిషన్ ఆశ లేదు, కూరకు కావాలి కాబట్టి కొన్నది. మీకు చెప్పిన స్కీములో అలాంటి ఇల్లాలు ఉందా? సబ్బు, పౌడరు డబ్బా, గడియారం, ఆన్‌లైన్ కోర్సు... ఏదైనా కానీ, ‘జాయినింగ్’ మాట ఎత్తకుండా ఆ రేటుకు అమ్మితే ముక్కూమొహం తెలియనివాడు కొంటాడా? కొంటే అది వ్యాపారం. కొనేవాళ్లంతా కమిషన్ కోసం చేరినవాళ్లే అయితే, తినేవాడు లేని టమాటా అది.

పైవాడి మీదే కాదు, మీ మీదా కేసే

తెలుగు నేలకు ఈ విషయంలో పాత అనుభవం ఉంది. 2006లో ఆంధ్రప్రదేశ్ సీఐడీ పోలీసులు ఆమ్వే ఆఫీసులపై దాడులు చేశారు. కంపెనీ కోర్టుకెళితే, ఆ పథకం ప్రాథమికంగా 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం కిందకే వస్తుందని 2007 జులైలో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు చెప్పింది. 2014 మేలో కర్నూలు పోలీసులు గుర్గావ్ వెళ్లి ఆమ్వే ఇండియా అప్పటి సీఈవో విలియం స్కాట్ పింక్నీని అరెస్టు చేసి తెచ్చారు. 2022 ఏప్రిల్‌లో ఈడీ ఆ సంస్థకు చెందిన 757 కోట్ల రూపాయల ఆస్తులు జప్తు చేసింది.

స్టూడెంట్లకు ఇంకా దగ్గరి కేసు ఈబిజ్. నోయిడా కంపెనీ. కంప్యూటర్ కోర్సుల ప్యాకేజీ పేరుతో తలకు 16,821 రూపాయలు కట్టించుకుని, ఇంకొకరిని తెస్తే కమిషన్ అంది. కాలేజీ పిల్లలే దాని బలం. 2019 మార్చిలో సైబరాబాద్ పోలీసులు దాని నిర్వాహకుల్ని పట్టుకుని, వసూళ్లు 5,000 కోట్ల దాకా ఉంటాయన్నారు. అదే ఏడాది క్యూనెట్ కేసుల్లో 70 మందిని అరెస్టు చేసినట్టు ప్రకటించారు. ఆ సంస్థ మాత్రం తమది చట్టబద్ధమైన డైరెక్ట్ సెల్లింగేనని అంటోంది. అరెస్టయినవాళ్లంతా ఓనర్లేం కాదు, కింద జనాన్ని చేర్పించినవాళ్లూ ఉన్నారు.

చాలామందికి తెలియనిది ఇక్కడే ఉంది. 1978 చట్టం నడిపేవాణ్ని మాత్రమే పట్టుకోదు. మనీ సర్క్యులేషన్ స్కీములో సభ్యుడిగా చేరడం, పాల్గొనడం, దానికోసం డబ్బు తీసుకోవడం కూడా నేరమే. మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ‘నేనూ డబ్బు పోగొట్టుకున్నా సార్’ అంటే స్టేషన్లో జాలిపడతారేమో కానీ, మీరు చేర్పించిన జూనియర్ వాళ్ల నాయన కంప్లైంట్‌లో పేరు మీదే ఉంటుంది. ఉద్యోగానికి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసే రోజులివి మరి.

డైరెక్ట్ సెల్లింగ్ అంతా నేరమని చెప్పడం లేదు. దానికి ప్రత్యేకంగా 2021 డిసెంబర్‌లో కేంద్రం వినియోగదారుల రక్షణ చట్టం కింద రూల్స్ తెచ్చింది. పిరమిడ్ స్కీములు పూర్తిగా నిషిద్ధం. చేరడానికి ఎంట్రీ ఫీజు అడగకూడదు. రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ఫలానా గడువులోపు జరిమానా లేకుండా తప్పుకునే వీలుండాలి. అమ్మేవాడి దగ్గర ఐడీ కార్డు ఉండాలి, ముందు చెప్పకుండా ఎవరింటికీ వెళ్లకూడదు. ఫీజు లేదంటూనే ‘స్టార్టర్ కిట్ తప్పనిసరి’ అంటే అది ఫీజే అనుకోండి.

సరే, కంపెనీ మంచిదే అనుకుందాం. ఊరికే ఒక లెక్క: మొదట 10,000 రూపాయల సరుకు కొన్నారు. ‘యాక్టివ్’గా ఉండటానికి నెలకు 2,000 చొప్పున ఆరు నెలలు కొన్నారు. 22,000 అయింది. బెంగళూరు చార్జీలు, మీటింగ్ టికెట్లు, కొత్త బ్లేజర్ వదిలేద్దాం. అమ్మితే నూటికి పది రూపాయలు మిగులుతుందనుకుంటే, ఈ 22,000 తిరిగి రావడానికే 2,20,000 రూపాయల సరుకు అమ్మాలి. కొన్న సరుకు ఇంట్లో వాడుకున్నారు కాబట్టి సగం నష్టం లేదనుకున్నా 1,10,000. పుంగనూరులో ఎవరికి అమ్ముతారు? అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 70 కంపెనీల సొంత ఆదాయ ప్రకటనల్నే తీసి చూసింది. ఎక్కువమందికి వచ్చింది ఏడాదికి వెయ్యి డాలర్లు, లేదా అంతకన్నా తక్కువ అని 2024లో రాసింది. డాలర్ దేశంలో!

డబ్బు కన్నా నన్ను కలవరపెట్టేది ఆ మొదటి రోజు చేయించే పని. ఒక నోట్‌బుక్ ఇచ్చి వంద పేర్లు రాయమంటారు. చిన్నాయన, అత్త, ట్యూషన్ సార్, టెన్త్ ఫ్రెండ్, బెంగళూరులో జాబ్ వచ్చిన సీనియర్. ఆ వంద పేర్లు ఇంకోసారి చూడండి. రేపు ఏ కంపెనీలో ఖాళీలున్నా మీ రెజ్యూమె లోపలికి పంపేది ఎవరు? ఆ సీనియరే. మన ఊళ్ల నుంచి చేరినవాళ్లలో ఎంతోమంది అలా రిఫరల్ మీద పోయినవాళ్లే. ఐఐటీ వాళ్లకు కాలేజీ పేరుంటుంది, మనకుండేది ఈ నంబర్లే. ‘ఒక ఆపర్చునిటీ ఉంది అన్నా’ అని ఒక్కసారి ఫోన్ చేశాక, నిజంగా జాబ్ కోసం చేసినప్పుడు అన్న ఎత్తడు. మళ్లీ ఏదో అంటగడతాడని మ్యూట్‌లో పెట్టేస్తాడు. మన ఊళ్లు చిన్నవి కదా, మాట బస్టాండ్ దాకా పోవడానికి ఒక్కరోజు చాలు.

అయినా చేరాలనిపిస్తే అది మీ ఇష్టం. అప్పు తేకండి, అమ్మ గాజులు ముట్టుకోకండి. మొదటి మూడు నెలలు ఆ వంద పేర్లలో ఒక్కరికీ ఫోన్ చేయకుండా, తెలియనివాళ్లకు సరుకు మాత్రమే అమ్మి చూడండి. ఇప్పటికే కట్టేసి ఉంటే రసీదులు, చాట్‌లు డిలీట్ చేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915.

సంతకం పెట్టే ముందు ఇంకో పని ఉంది. అప్‌లైన్ అన్న తన ఫోన్ తీసి ‘నెలకు లక్షా ఇరవై వేలు’ అని స్క్రీన్‌షాట్ చూపిస్తాడు. బ్రౌజర్లో రైట్ క్లిక్ కొట్టి, ఇన్‌స్పెక్ట్ ఎలిమెంట్ తెరిచి ఏ అంకెనైనా నిమిషంలో మార్చొచ్చని మీకు తెలుసుగా. కాబట్టి స్క్రీన్‌షాట్ వద్దనండి. అంత కమిషన్ వస్తే టీడీఎస్ కోస్తారు, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో కనిపిస్తుంది. మీ ముందే లాగిన్ అయి పోయినేడాది రిటర్న్ చూపించమనండి. చూపిస్తే, ఖర్చులెంతయ్యాయని అడగండి. ‘‘ఇంత నెగెటివ్‌గా ఆలోచిస్తే పైకి రావు తమ్ముడూ’’ అంటే, ఆ టీ డబ్బులు మీరే ఇచ్చేసి లేచి రండి.