ఫ్రీజర్‌లో మంచు పేరుకుందా? కత్తి పట్టొద్దు!

ఎండలు ముదిరితే మన రెంటచింతల పేరు పేపర్లకు ఎక్కుతుంది. ఇలాంటి ఎండల్లో ఫ్రిజ్ ఇప్పుడు గొప్పింటి వస్తువేం కాదు. రెండు గేదెలున్న ఇంట్లోనూ కనబడుతోంది. పాలు, కూరగాయలే కాదు, ఒక్కోసారి జీవాలకు వేయాల్సిన టీకా మందు కూడా అందులోనే పెడుతున్నాం. ఫ్రిజ్ చెడితే నష్టం ఒక్క కూరగిన్నెతో పోదు.

మంచు ఎంత ఉంటే అంత చల్లదనం అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. చల్లబరిచే గొట్టాలకూ, లోపలి సరుకుకూ మధ్య ఆ మంచు కంబళిలా అడ్డం పడుతుంది. మిషను ఆగకుండా ఆడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, కింది అరలో పాలు మాత్రం విరుగుతాయి. మంచు పావు అంగుళం మందం కట్టిందంటే కరిగించాల్సిందే. ఫ్రాస్ట్ ఫ్రీ రకమైతే దానంతటదే కరుగుతుంది, శుభ్రం చేసుకుంటే చాలు.

కత్తితో పొడిస్తే?

ఈ రాసేవాడు ఒకసారి తొందరపడి చాకుతో మంచు పెకలించబోయాడు. బుస్సుమని శబ్దం వచ్చింది. గొట్టానికి చిల్లుపడి గ్యాస్ అంతా పోయింది. చిల్లు పూడ్చి గ్యాస్ ఎక్కించినా ఆ ఫ్రిజ్ మునుపటిలా పనిచేయలేదు. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఆర్-600ఏ అనే గ్యాస్ ఉంటుంది. ఓజోన్ పొరకు హాని చేయదు గానీ, మండే గుణం ఉంది. పొరపాటున చిల్లు పడితే తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. నిప్పు వెలిగించొద్దు, స్విచ్చులు ముట్టొద్దు.

ఇలా చేయండి

పొద్దున్నే చల్లపూట ఈ పని పెట్టుకోండి. స్విచ్ కట్టేస్తే చాలదు, ప్లగ్ కూడా పీకేయండి. సరుకంతా తీసి ధర్మాకోల్ పెట్టెలో సర్దండి. కింద గోనె సంచి పరిచి, ఫ్రీజర్‌లో వేడినీళ్ల గిన్నె పెట్టి తలుపు తెరిచి ఉంచండి. నీళ్లు చల్లారితే మార్చండి. మంచు పెచ్చులు వాటంతటవే ఊడి వస్తాయి.

తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి, మెత్తని గుడ్డతో తుడవండి. వాసన పోతుంది. బ్లీచింగు, యాసిడ్ వాడొద్దు. తలుపు రబ్బరు మడతల్లో మురికి తీయండి. వెనక నీళ్లు పడే ట్రే ఉంటే కడగండి. అందులో నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. తడి ఆరాకే ప్లగ్ పెట్టండి. లోపల బాగా చల్లబడ్డాక సరుకు సర్దండి. పూర్తిగా కరిగిపోయిన మాంసం, చేపలు మళ్లీ గడ్డకట్టించకుండా ఆ పూటే వండేయండి.

మంచు మళ్లీ త్వరగా పేరుకుంటుంటే తలుపు మధ్య కాగితం పెట్టి మూసి లాగి చూడండి. తేలిగ్గా జారి వస్తే రబ్బరు వదులైనట్టే, మార్పించండి. వేడి గిన్నెలు లోపల పెట్టొద్దు.

టీకా మందు జాగ్రత్త

గాలికుంటు, గొంతువాపు టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్కసారి గడ్డకడితే ఇక పనికిరావు. కరిగించి వేసినా రోగం ఆగదు, వేశామన్న ధీమాతో మనం మోసపోతాం. కాబట్టి వాటిని ఫ్రీజర్‌లోగానీ, మంచుకు ఆనించిగానీ పెట్టొద్దు. తలుపు అరలోనూ వద్దు. మూత ఉన్న డబ్బాలో, మధ్య అరలో ఉంచండి. ఫ్రిజ్ కడిగే రోజున ఐసుముక్కల సంచిని గుడ్డలో చుట్టి, సీసాలకు తగలకుండా పక్కన పెట్టండి. అసలు టీకా తెచ్చేముందే ఫ్రిజ్ కడిగి ఉంచుకుంటే ఈ తిప్పలుండవు.

చివరిగా ఒక్క మాట. పురుగుమందు సీసా ఎంత చిన్నదైనా సరే, తిండి పెట్టే ఫ్రిజ్‌లో దాచొద్దు. పిల్లలు తలుపు తీసేది అదే కదా!