ఆవకాయ సీసా చెప్పే చట్టం

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. ఉద్యోగాల కోసం ఇక్కడికి చేరిన తెలుగు కుటుంబాలతోపాటు ఆవకాయ జాడీ కూడా వచ్చింది. ఇంట్లోవాళ్ల కోసం పెట్టినంత కాలం ఆ జాడీ సంగతి ఇల్లాలి ఇష్టం. నాలుగు సీసాలు నింపి అమ్మడం మొదలుపెడితే మాత్రం చట్టం దృష్టిలో ఆమె ఆహార వ్యాపారి.

ఆ చట్టం పేరు ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006. 1954 నాటి కల్తీ నిరోధక చట్టం స్థానంలో ఇది వచ్చింది. దీని నియమాలు 2011 ఆగస్టు 5 నుంచి అమలయ్యాయి. ఈ చట్టాన్ని చదవాలనుకునేవారు ముందుగా మూడు మాటల మధ్య తేడా తెలుసుకోవాలి.

నిర్ణీత ప్రమాణానికి తగ్గినా ఆరోగ్యానికి హాని లేనిది నాసిరకం. దానికి 5 లక్షల దాకా జరిమానా. నువ్వుల నూనె అని లేబుల్ మీద రాసి వేరే నూనె పోస్తే అది తప్పుడు లేబుల్. దానికి 3 లక్షల దాకా. కారంలో బట్టలకు వేసే రంగు కలిపితే అది సురక్షితం కాని ఆహారం. దానికి జైలు శిక్ష కూడా ఉంది. ప్రాణం పోతే కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. మొదటి రెండూ అదనపు జిల్లా మెజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి ముందుకు వెళ్తాయి. మూడోది కోర్టుకు వెళ్తుంది.

ఏది ఏ గడిలో పడుతుందో తేల్చేది ప్రయోగశాల. అధికారి తీసిన నమూనాను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. విశ్లేషకుడు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే వ్యాపారి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. సీలు, తేదీ, సంతకం వీటిలో ఏది తప్పినా కేసు బలహీనపడుతుంది. అందుకే ఈ రంగంలో సగం రసాయనశాస్త్రం, సగం న్యాయశాస్త్రం.

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆహార భద్రతాధికారి కావడానికి లా డిగ్రీ ఒక్కటే సరిపోదు. ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, వ్యవసాయం, పశువైద్యం వంటి వాటిలో డిగ్రీ గానీ, కెమిస్ట్రీలో పీజీ గానీ ఉండాలి. లోతుగా చదవాలంటే మైసూరులో 1950లో ఏర్పడిన సి.ఎఫ్.టి.ఆర్.ఐ. ఉంది. ఉద్యోగం చేస్తూ చదివేవారికి ఇగ్నో ఆహార భద్రత, నాణ్యతా నిర్వహణలో పీజీ డిప్లొమా నడుపుతోంది. న్యాయవైపు వెళ్లేవారికి పక్కనే రాయ్‌పూర్‌లో హిదాయతుల్లా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది.

ఇక ఊరగాయలు అమ్మే గృహిణులకు. ఏటా 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్న చిన్న వ్యాపారులకు 2011 నిబంధనలు లైసెన్సు అడగలేదు, ఏడాదికి 100 రూపాయల రుసుముతో రిజిస్ట్రేషన్ చాలన్నాయి. ఈ హద్దులు సవరణ అవుతుంటాయి కనుక దరఖాస్తుకు ముందు ఫోస్కోస్ పోర్టల్‌లో చూసుకోవాలి. రిజిస్ట్రేషన్‌తో వచ్చే 14 అంకెల సంఖ్యను సీసా మీద వేయాలి. బ్యాంకు కుటుంబాలుగా మనకు తెలిసిన విషయమే, రుణం అడిగేటప్పుడు ఇలాంటి కాగితం చేతిలో ఉంటే మాట చెల్లుతుంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పథకం కూడా 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీని బ్యాంకు రుణంతోనే ముడిపెట్టింది.

కొనేవారికీ ఈ చట్టంలో చోటుంది. 40వ సెక్షన్ ప్రకారం మీరు కొన్న పదార్థాన్ని రుసుము కట్టి విశ్లేషకుడితో పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. తప్పు తేలితే కట్టిన రుసుము వెనక్కి వస్తుంది. ఈసారి కారంపొడి ప్యాకెట్ కొన్నప్పుడు ధరతోపాటు ఆ 14 అంకెలూ ఉన్నాయేమో చూడండి. పిల్లల చేత చదివించండి. ఈ చట్టంలో వాళ్లకు మొదటి పాఠం అదే.